పెట్టె మీద లేని చేతులు

విమర్శకు వస్తువు కథ, కవిత, నవల మాత్రమే కావాలని ఎవరు నిర్ణయించారు? వంటల పుస్తకాన్నీ, కుట్టుమిషనుతో వచ్చే చిన్న పుస్తకాన్నీ, ప్రెషర్ కుక్కర్ డబ్బాలో మడతపెట్టి ఉన్న కాగితాన్నీ మనం చదువుతూనే ఉన్నాం. చదవడమే కాదు, పాటిస్తాం. కథలకన్నా ఎక్కువగా అవే మన చేతుల్ని నడిపించాయి. అందుకే ఈసారి ఒక సూచనల కాగితాన్ని సాహిత్యాన్ని చదివినంత శ్రద్ధగా చదవాలనుకున్నాను. ప్లాస్టిక్ విమానం బొమ్మను అతికించి రంగులు ఎలా వేయాలో కొత్తవాళ్ళకు నేర్పే కాగితం అది.

దొరికింది ఎర్రగడ్డ ఆదివారం సంతలో. పాత మిక్సీలు, స్క్రూడ్రైవర్లు, వైర్లు, పనిచేస్తాయో లేదో తెలియని ఫోన్లు పరిచి ఉండే ఆ రోడ్డు పక్కన అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ దాదాపు అందరూ మగవాళ్ళే. అదే ఎర్రగడ్డలో రైతుబజారుకు వెళితే సంచులు మోస్తూ మనమే కనిపిస్తాం. పనిముట్లు ఒకరికి, కూరగాయలు ఒకరికి. (రాయలసీమలో ఎర్రగడ్డ అంటే ఉల్లిపాయ. ఆ ఊరి పేరు వినగానే మా కడప స్నేహితురాలికి ఇప్పటికీ నవ్వే.) అట్టపెట్టె మూలలు నలిగిపోయాయి. లోపల స్పిట్‌ఫైర్ విమానం ముక్కలు, ఎవరో సగం అతికించి వదిలేసిన ఒక రెక్క, నాలుగు మడతల కాగితం ఉన్నాయి. "బాబు కోసమా మేడమ్?" అని అడిగాడు అమ్మే అబ్బాయి. నాకే అన్నాను. కాసేపు నా ముఖంలోకి చూసి, అడగకుండానే ఇరవై రూపాయలు తగ్గించాడు. జాలిపడి తగ్గించాడేమో మరి.

ఈ బొమ్మలు తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్‌ను కరిగించి, ఒత్తిడితో అచ్చులోకి పంపి, చిన్నచిన్న భాగాలుగా పోతపోస్తారు. భాగాలన్నీ ఒక చట్రానికి కాయల్లా వేలాడుతుంటాయి, ప్రతిదానికీ ఒక అంకె. వాటిని కత్తిరించి, కాగితంలో చెప్పిన వరుసలో అతికించి రంగులు వేసుకోవాలి. ఈ రంగంలో బాగా పేరున్న ఎయిర్‌ఫిక్స్ కంపెనీని హంగరీ నుంచి వచ్చిన నికొలస్ కోవ్ 1939లో లండన్‌లో పెట్టాడు. మొదట గాలి ఊదే రబ్బరు బొమ్మలు చేసేవారు. యుద్ధం తర్వాత పోత యంత్రం తెచ్చి దానితో చేసినవి దువ్వెనలు. 1949లో ట్రాక్టరు బొమ్మ, 1952లో ఓడ, ఆ తర్వాత స్పిట్‌ఫైర్. మన జడలు దువ్వుకునే వస్తువును పోసిన యంత్రమే యుద్ధ విమానాన్నీ పోసిందన్నమాట. దువ్వెన గురించిన చరిత్ర పుస్తకాలు పెద్దగా కనిపించవు. విమానాల బొమ్మల మీద మాత్రం బోలెడు పుస్తకాలున్నాయి.

ఇక కాగితం సంగతి. దాని గుణాలు ముందు చెప్పాలి, ఎందుకంటే ఉన్నాయి. ముక్కల్ని మొదట సబ్బునీళ్ళతో కడగమంటుంది. అచ్చు నుంచి సులువుగా ఊడి రావడానికి రాసిన జిడ్డు వాటికి అంటుకుని ఉంటుంది, అది పోకపోతే రంగు పట్టదు. చట్రం నుంచి ముక్కను వేళ్ళతో విరవకుండా కత్తిరించి, మిగిలిన మొటిమను గరుకు కాగితంతో రుద్దమంటుంది. అతుకు దగ్గర సందు కనిపిస్తే పుట్టీ నింపి, ఆరాక నునుపు చేయమంటుంది. అప్పుడు ప్రైమర్, అంటే బూడిదరంగో తెలుపో ఒక పలచని పూత. దాని మీద లేత రంగులు ముందు, ముదురువి తర్వాత. ఒక్క చిక్కటి పూత కన్నా మూడు పలచని పూతలు మేలు. రంగును నీళ్ళు కలిపిన పాలంత పలచన చేసుకోవాలి. కుంచెను వెనక్కీ ముందుకీ రుద్దకూడదు, ఒకే వైపు లాగాలి. సగం ఆరిన రంగు మీద మళ్ళీ కుంచె పెడితే కింది పూత లేచిపోతుంది. ఆగడం రానివాళ్ళకు ఈ పని రాదు.

ఇందులో నన్ను కట్టిపడేసింది మాత్రం ఇంకొకటి. రంగు చెడిపోతే కంగారు పడకండి, తుడిచేసి మళ్ళీ వేయండి, మొదటి బొమ్మ ఎవరికీ బాగా రాదు అంటుంది కాగితం. ఈ వాక్యం నేను రెండుసార్లు చదివాను. మన జీవితాల్లో ఇలా చెప్పిన కాగితం ఏదైనా ఉందా? పెళ్ళయిన మూడోరోజు వండిన పప్పులో ఉప్పెక్కువైతే అది ఆ పప్పు తప్పు కాదు, పుట్టింటి పెంపకం తప్పు. పసిపిల్లకు తొలిసారి స్నానం చేయిస్తుంటే చేతులు వణికితే, "తల్లివై ఉండి" అంటారు. నేర్చుకునే దశ అనేది మగపిల్లల హక్కుగా, మనకు మాత్రం పుట్టుకతో వచ్చిన విద్యగా పనుల్ని పంచారు. 'కొత్తగా మొదలుపెట్టేవారు' అనే ఆ మామూలు మాట వెనక ఎంత పెద్ద సౌకర్యం ఉందో మొదలుపెట్టే అవకాశం లేనివాళ్ళకే తెలుస్తుంది.

అదే కాగితం మరో పంక్తిలో ఇరవైనాలుగు గంటలు కదల్చకుండా పెట్టమంటుంది. ఎక్కడ పెట్టాలి? రెండు గదుల ఇంట్లో ఒకే బల్ల ఉంటే, ఆ బల్ల మీదే కూరలు తరగాలి, పిల్లలు హోంవర్కు చేసుకోవాలి, రాత్రికి కంచాలు పెట్టాలి. నా స్పిట్‌ఫైర్ ఫ్రిజ్ మీదికి, అక్కడి నుంచి బీరువా మీదికి, చివరికి దేవుడి అలమరలోకి ప్రయాణించింది. నిజం విమానం కూడా అంత తిరిగి ఉండదు. కాగితం రాసినవాళ్ళ ఊహలో ఒక మనిషి ఉన్నాడు. అతనికి తలుపున్న గది ఉంది, గదిలో అతనిదే అయిన బల్ల ఉంది, సాయంత్రం ఆరు తర్వాత అతన్ని ఎవరూ పిలవరు. అతని బొమ్మ మీద పడే దుమ్మును ఎవరు తుడుస్తారో మాత్రం కాగితం చెప్పదు.

లిండా నాక్లిన్ 1971లో గొప్ప చిత్రకారిణులు ఎందుకు లేరన్న ప్రశ్న వేసినప్పుడు, జవాబును ప్రతిభలో కాక శిక్షణలో, ప్రవేశం దొరకని సంస్థల్లో వెతికింది. రొజికా పార్కర్ 1984లో ఎంబ్రాయిడరీ మీద రాసిన పుస్తకంలో, ఒకే సూది పని ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి కళగానో ఆడవాళ్ళ పనిగానో ఎలా విడిపోయిందో చూపించింది. వాళ్ళ ప్రశ్నల్ని మన దగ్గరికి తెచ్చుకుంటే నాకు గుర్తొచ్చేది కొండపల్లి.

కొండపల్లిలో బొమ్మ ఎలా తయారవుతుందో చూడండి. చుట్టుపక్కల కొండల్లో దొరికే తెల్ల పొణికి కర్రను తెచ్చి ఆరబెడతారు. చేతులు, కాళ్ళు, తల వేటికవే చెక్కుతారు. చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో వాటిని అతికించి, అతుకులు కనపడకుండా నింపుతారు. ఆరాక నునుపు చేసి తెల్లటి సుద్ద పూత పూస్తారు. ఆ తెలుపు మీద రంగులు, రంగుల మీద కళ్ళు, కనుబొమ్మలు, చీర అంచులు. ఇప్పుడు మళ్ళీ కాగితం తీయండి. మక్కు అంటే పుట్టీ. సుద్ద అంటే ప్రైమర్. వరుస కూడా అదే. పాలిస్టైరీన్ పుట్టక ముందు నుంచీ ఈ విద్య మన దగ్గర ఉంది. చేర్యాల నకాషీలు కూడా చింతగింజల ముద్ద, రంపపు పొట్టుతోనే బొమ్మలు చేస్తారు.

కొండపల్లిలో చాలా ఇళ్ళలో చెక్కడం మగవాళ్ళది, రంగులు వేయడం ఆడవాళ్ళది. అంబారీ ఏనుగు మీద గళ్ళ గుడ్డకు చుక్కలు పెట్టేదీ, దశావతారాలకు కళ్ళు దిద్దేదీ ఆ ఇంటి స్త్రీలే. ఆ పనికి వాడుకలో ఉన్న పేరు 'సాయం'. "మా ఆవిడ సాయం చేస్తుంది" అంటారు. కన్ను దిద్దకపోతే అది బొమ్మ కాదు, కర్ర. కన్ను దిద్దడం సాయమైతే అసలు పని ఏది? అక్కడ ఆ చుక్కలు కూలి లెక్కలో విడిగా కూడా కనపడకుండా ఇంటి పనిలో కలిసిపోతాయి. ఇక్కడ అదే చుక్కను పెట్టడానికి వెయ్యి రూపాయలు దాటే పెట్టె కొనుక్కుని, ఆదివారం ఖర్చుపెట్టి, హాబీ అంటాం. డబ్బు తెచ్చిపెట్టే పని కన్నా డబ్బు తినే పనికి గౌరవం ఎక్కువ కావాలంటే ఒక్కటే షరతు, అది తీరిక ఉన్న మగవాడి పని కావాలి.

మరో ఉదాహరణ మన ఇళ్ళలోనే ఉంది. ఈ హాబీలో ఆరితేరినవాళ్ళు ఒక్క విమానంతో ఆగరు. దాని చుట్టూ రన్‌వే, గడ్డి, గుడారం, పీపాలు పెట్టి ఒక దృశ్యం తయారుచేస్తారు. డయోరమా అంటారు దాన్ని. పోటీలు పెడతారు, పతకాలు ఇస్తారు. బొమ్మల కొలువు డయోరమా కాక ఇంకేమిటి? బేసి సంఖ్య మెట్లు కట్టి, పళ్ళెంలో మన్నుపోసి పదిరోజుల ముందే ఆవాలో రాగులో చల్లి పచ్చిక మొలిపించి, అద్దం ముక్కను చెరువు చేసి, ఇసుకతో బాట వేసి, చెరువు గట్టున బాతును నిలబెట్టిన మా మేనత్తను ఎవరూ శిల్పి అనలేదు. "కొలువు బాగా పెడుతుంది" అన్నారు, "ఊరగాయ బాగా పెడుతుంది" అన్నట్టే. కొలువును నేను ఆకాశానికెత్తడం లేదు. అది ఏ కులాల ఇళ్ళలో ఉంది, ఎవరిని ఆ ఇంటి గడప దాటనిచ్చింది, పేరంటానికి ఎవరిని పిలవలేదు అనే ప్రశ్నలు అలాగే ఉన్నాయి. భర్త పోయిన తర్వాత ఆ మేనత్త కొలువు పెట్టడం మానేసింది. మానేసిందనడం కూడా సరికాదు, మాన్పించారు. చేతికి వచ్చిన విద్యను పసుపుకుంకాలతో పాటు తీసేశారు.

సూక్ష్మంగా చేసినదంతా స్త్రీలకు మేలు చేస్తుందని కూడా అనుకోను. అబ్బూరి ఛాయాదేవి గారి 'బోన్‌సాయ్ బ్రతుకు' చదివిన మనకు, చెట్టును కత్తిరించి కుండీలో ఇమిడ్చి 'ఎంత ముద్దుగా ఉందో' అనడం ఎంత హింసో తెలుసు. చిన్నదాన్ని చేసే చేయి వేరు, చిన్నదిగా చేయబడే బ్రతుకు వేరు. ఆ చేయి ఎవరిదని అడగడమే ఇక్కడ నా పని.

కాగితంలో ఏడో అంకె దగ్గర కాక్‌పిట్ ఉంది. గోరంత పలక మీద గడియారాల్లాంటి మీటర్లు. వాటికి సన్నటి కుంచెతో తెల్ల చుక్కలు పెట్టాలి. కుంచె మొన చెదిరితే చుక్క చుక్కలా రాదు. మొన కుదర్చడానికి చాలామంది కుంచెను పెదాల మధ్య పెట్టి తిప్పుతారు. చేయి దానంతట అదే నోటి దగ్గరికి పోతుంది, సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు పోయినట్టే. నా చేయీ అలాగే లేచింది. అక్కడే ఆగిపోయాను.

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, ఆరెంజ్ పట్నం. 1917 నుంచి అక్కడి రేడియం కార్పొరేషన్ ఫ్యాక్టరీలో పడుచుపిల్లలు చీకట్లో వెలిగే గడియారాల ముఖాలకు రంగు వేసేవారు. సైనికుల చేతి గడియారాలకూ, విమానాల మీటర్లకూ అంకెలు అలా వెలగాలి. ఆ రంగులో రేడియం ఉంది. కుంచెను పెదాలతో మొన చేసుకోమని వాళ్ళకు నేర్పారు. ఏమీ కాదన్నారు. అదే సంస్థలో రసాయన శాస్త్రవేత్తలు మాత్రం సీసపు తెరల చాటున, పటకార్లతో పట్టుకుని పనిచేసేవారు. అమ్మాయిల పళ్ళు రాలాయి, దవడ ఎముకలు పుచ్చిపోయాయి, చాలామంది చనిపోయారు. వాళ్ళకు వచ్చింది సుఖవ్యాధి అని ప్రచారం చేసి, రోగంతో పాటు పరువునూ తీయబోయారు. గ్రేస్ ఫ్రయర్ అనే ఆమె వకీలు దొరకడానికే రెండేళ్ళు వెతికింది. 1927లో ఐదుగురు కోర్టుకెక్కారు. 1928లో రాజీ కుదిరింది. ఒక్కొక్కరికి 10,000 డాలర్లు, ఏడాదికి 600 డాలర్ల భృతి. పనిచేసే చోట కార్మికుల ఆరోగ్యానికి యాజమాన్యం బాధ్యత వహించాలనే చట్టాల చరిత్రలో ఆ ఐదుగురి పేర్లూ ఉన్నాయి.

విమానం బొమ్మల ప్రపంచంలో మాత్రం లేవు. మీటరు మీద ముల్లు ఏ రంగులో ఉండాలో చెప్పగల అభిమానులు వేలమంది ఉన్నారు. ఫలానా ఏడాది ఫలానా దళంలో రెక్క కింద రంగు లేత నీలమా, బూడిదా అని వారాల తరబడి వాదించుకుంటారు. వాస్తవికత పట్ల అంత పట్టుదల ఉన్నవాళ్ళకు, అలాంటి మీటర్ల మీద మొదట కుంచె పెట్టిన చేతులు వాస్తవంలో భాగం కాలేదు. ఇప్పటి ఆక్రిలిక్ రంగుల్లో రేడియం ఏమీ లేదు, భయపడక్కర్లేదు. అయినా ఏ రంగునీ నోట్లో పెట్టుకోకూడదు. మొన కావాలంటే తడి గుడ్డ మీద కుంచెను పడుకోబెట్టి తిప్పితే చాలు.

పెట్టె మీది బొమ్మ గురించి అనడానికి పెద్దగా ఏమీ లేదు. మబ్బులు, మంటలు, తుపాకుల మెరుపు, కాక్‌పిట్‌లో ఒక వీరుడు. ఆ స్పిట్‌ఫైర్లను ఫ్యాక్టరీల నుంచి స్థావరాలకు నడిపి చేర్చినవాళ్ళలో స్త్రీలున్నారు. ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ ఆగ్జిలియరీ అనే సంస్థలో 160 మందికి పైగా స్త్రీలు విమానాలు నడిపారు. 1943లో పోరాడి మగవాళ్ళతో సమానంగా జీతం కూడా సాధించారు. మన దగ్గర, ఎర్రగడ్డ నుంచి పెద్ద దూరం లేని దుండిగల్‌లో, 2016 జూన్‌లో అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ యుద్ధవిమాన శాఖలో అడుగుపెట్టారు. 2018 ఫిబ్రవరిలో అవని మిగ్-21ను ఒంటరిగా నడిపింది. ఆ మిగ్-21 కూడా 2025 సెప్టెంబరులో పదవీ విరమణ చేసింది.

అయితే పెట్టె మీద మగ వీరుడి బదులు ఆడ వీరురాలిని గీస్తే మన పని అయిపోతుందా? ఈ చోట నాకు మనస్ఫూర్తిగా 'ఔను' అనాలని లేదు. బాంబు ఎవరు వేసినా కిందపడేది ఎవరి ఇంటి మీదో మనకు తెలుసు. దుండిగల్ అమ్మాయిల్ని చూసి గర్వపడ్డాను, గర్వపడుతూనే ఇబ్బంది పడ్డాను. ఆ రెండింట్లో ఏదో ఒకటి దాచుకోమంటే దాచుకోలేను. బొమ్మ విషయంలో మాత్రం ఒక చిన్న సంగతి చెప్పాలి. 72వ వంతు కొలతలో ఆరడుగుల మనిషి సరిగ్గా అంగుళం అవుతాడు. హెల్మెట్టు, ముఖానికి మాస్కు, ఒంటికి ముతక దుస్తులు. ఆ అంగుళం ప్లాస్టిక్‌లో ఆడా మగా తేడా ఏమీ లేదు. 'అతను' అని పిలిచింది పెట్టె మీది బొమ్మ మాత్రమే. ముఖానికి ఏ రంగు వేయాలో చెప్పే అంకె ఒకటి కాగితంలో ఉంది, మాంసపు రంగు అని. అది ఎవరి మాంసమో మీకు చెప్పనక్కర్లేదు. నేను దానిలో కాస్త గోధుమరంగు, చిటికెడు పసుపు కలిపాను. మా ఇంట్లో ఎవరి చర్మమూ ఆ డబ్బాలోంచి వచ్చింది కాదు మరి.

ఇక ఎర్రగడ్డ అనే మాట. హైదరాబాదులో ఆ పేరుకు ఇంకో అర్థం ఉంది. అక్కడి మానసిక వైద్యశాలను ఊరంతా తిట్టుగా వాడుకుంటుంది. "ఎర్రగడ్డలో చేర్పించాలి" అని నవ్వుతూ అనేస్తారు. ఆసుపత్రిలో ఉన్న మనుషులకూ, వాళ్ళకోసం గేటు బయట ఎదురుచూసే తల్లులకూ ఆ నవ్వు ఎలా వినిపిస్తుందో ఎవరికీ పట్టదు. రాత్రి పదకొండింటికి దీపం పెట్టుకుని మీసమంత కుంచెతో విమానం తోకకు గీతలు పెడుతున్న మగవాణ్ణి చూసి ఎంత ఓపిక అంటారు. అదే పని చేస్తున్న నన్ను చూసి మా బంధువొకాయన ఆ మాటే అన్నాడు. అన్నాక, "సరదాకే అన్నానమ్మా" అని కూడా అన్నాడు. ఆడది తనకోసం, ఎవరికీ పనికిరాని, ఎవరూ తినలేని, కట్టుకోలేని వస్తువు మీద మనసు పెడితే దానికి మన భాషలో సిద్ధంగా ఉన్న పేరు పిచ్చి. ఆ గోడల వెనక ఉన్న స్త్రీలలో ఎంతమందికి నిజంగా జబ్బు, ఎంతమందికి ఇంట్లోవాళ్ళు తిరిగి తీసుకెళ్ళకపోవడమే జబ్బు అనేది వేరే వ్యాసం. రాయాల్సిన వ్యాసం.

మా వీధిలో ఒక ఆడపిల్లల హాస్టల్ ఉంది. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చేస్తూ గదికి నలుగురు ఉండే పిల్లలు. ఆదివారాలు నలుగురైదుగురు మా ఇంటికి వస్తున్నారు. వాళ్ళకోసం ఆ కాగితాన్ని తెలుగులో తిరగరాస్తున్నాను. ఇరవైనాలుగు గంటలు ఆరబెట్టమనే చోట, 'మూతపెట్టే స్వీటు డబ్బా ఒకటి దగ్గర పెట్టుకోండి, బొమ్మతో సహా మంచం కిందికి నెట్టేయొచ్చు' అని చేర్చాను. కుంచెల ధర చూసి ఒకమ్మాయి తన గోళ్ళరంగు సీసా తెచ్చింది, ఇది వేయొచ్చా అని. అందులో ఉండే ద్రావకాలు పాలిస్టైరీన్‌ను కరిగిస్తాయి, నేరుగా రాస్తే పైపొర మెత్తబడి గుంటలు పడుతుంది. కానీ ఆ సీసా మూతకున్న కుంచె బాగుంది. శుభ్రంగా కడిగి ఆరబెడితే ప్రైమర్ పూయడానికి పనికొస్తుంది. రంగు సంగతి నమ్మకపోతే, పారేసే చట్రం ముక్క మీద ఒక చుక్క వేసి చూడమన్నాను. వేసి చూస్తోంది.